తెర మీద లేని గొంతు

నోరు మూసుకుని కూర్చోవడం కూడా ఒక పనేననీ, అందులోనూ చెమటలు పట్టించే పననీ, ఆ ఉదయం వెనక గదిలో ఎత్తు స్టూలెక్కి కూర్చున్నాక గాని ఆమెకు తెలిసిరాలేదు. ముందు కుర్చీలో మామగారు, ఆయన ముందు తెర, తెర మీద నలభై మంది పిల్లల గొంతులు, ఒక్కో గొంతుకు ఒక్కో పట్టీ చొప్పున, రంగురంగుల రిబ్బన్లు ఒకదాని కింద ఒకటి పరిచినట్టు. మధ్యాహ్నం లోపు ఆ గొంతులన్నీ ఒక్క పాటగా కలిసి ఊళ్ళోని కొత్త రైల్వేస్టేషన్‌కు చేరాలి. రేపు పొద్దున మొదటి బండి కదిలే ముందు ప్లాట్‌ఫారాల మీద మోగబోయేది ఆ పాటే. స్టేషన్‌లో మైకులు చూసుకునే మనిషి పొద్దుటి నుంచి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. పాటను కలుపుతున్న సాఫ్ట్‌వేర్ ఆమె పనిచేసే కంపెనీది. అందులో పాటను దగ్గరగా, దూరంగా చూపించే మీటలూ, పట్టీలను దాచే బొత్తాలూ, తెర మీద ఏది ఎక్కడుండాలో తేల్చే సరంజామా అంతా ఆమె చేతి పని. ఇంకా బజారు మొహం చూడని కొత్త వెర్షన్‌ను నిన్న సాయంత్రం ఆయన కంప్యూటర్లోకి ఎక్కించిందీ ఆమే. ఇప్పుడేదైనా తేడా వస్తే ఎవర్ని అనడానికీ లేదు, కత్తీ తనదే, మెడా తనదే.

షరతు పెట్టింది ఆయనే. ఆఫీసులో కొత్తగా ఏం చేసినా బయటివాళ్ళను పిలిచి వాడమంటారనీ, తయారుచేసినవాళ్ళు గోడకు జారబడి చూస్తూ ఉండాలే తప్ప ఇదిగో ఇక్కడ నొక్కండని వేలు చూపకూడదనీ ఆమె ఒకసారి భోజనాల దగ్గర చెప్పింది. అలా చెప్పడమే పొరపాటైపోయింది. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు పాట నేర్పి, రిటైరయ్యాక కూడా ఆ పిల్లల్ని వదలని మనిషికి ఆ నియమం తెగ నచ్చింది. పరీక్ష హాల్లో మేష్టారు జవాబు చెప్తే మార్కులు మేష్టారికే వెయ్యాలి కదా అని నవ్వి అక్కడికి ఊరుకున్నారు. ఊరుకున్నారని ఆమె అనుకుంది. ఈ ఉదయం కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు గదా, "అమ్మాయ్, ఇవాళ పరీక్ష నాకో నీకో తేలిపోవాలి. వెనక కూర్చుని చూడు. పెదవి కదిపావంటే మాత్రం వీధి తలుపు చూపిస్తాను." అన్నది మామగారు, వెనక కూర్చున్నది కోడలు, మధ్యలో నలభై మంది పిల్లలు. కాదనడానికి దారేదీ?

ఆయన మౌసును సుద్దముక్క పట్టుకున్నట్టు పట్టుకుంటారు, మూడు వేళ్ళతో, బోర్డు మీద సున్నా చుట్టబోతున్నట్టు. అలా పట్టుకుంటారేమిటని మొదట్లో ఆమెకు ప్రాణం విసిగేది, తరవాత తరవాత మౌసు పట్టుకునే పద్ధతులు ఎన్ని ఉంటాయో గమనించడం అలవాటైంది. ఆఫీసులో అందరూ గట్టిగా గుప్పిట పడతారు, వాళ్ళకు ఏదెక్కడుందో తెలుసు గనక. తెలియనివాళ్ళ వేళ్ళు వేడి గిన్నెను తాకినట్టు తాకి చూస్తాయి. పాటను దగ్గరగా చూపించే మీట మీద భూతద్దం బొమ్మ ఉంటుంది, దాంతో ఆఫీసులో ఆమె పేరే భూతద్దం. ఎవరు పెట్టారో గాని అతుక్కుపోయింది. పక్క జట్టువాళ్ళు కొత్త వాద్యాల ధ్వనులు తయారుచేస్తారు, ఇంకో జట్టువాళ్ళు గుహలో పాడినట్టు, బావిలో పాడినట్టు వినిపించే మాయలు చేస్తారు, వాళ్ళకు చప్పట్లు. ఈమె జట్టు చేసేది కిటికీలు. కిటికీ బాగుంటే జనం తోటను మెచ్చుకుంటారు, కిటికీని ఎవరు మెచ్చుకున్నారు? తలుపు కిర్రుమన్నప్పుడే గదా వడ్రంగి గుర్తొచ్చేది. అలాగని ఆమెకు దిగులేం లేదు, ఉన్న ఒక్క దిగులూ జట్టు పెద్ద, అందరూ పొడుగాయన అని పిలిచే మనిషి, ప్రతి మీటింగులోనూ చేతులు కట్టుకుని అడిగే ఒకే ఒక్క ప్రశ్న: ఈ మార్పు లేకపోతే ఎవరికి ఏం పోతుంది? మంచి ప్రశ్నే, ఆ మాట ఆమెకూ తెలుసు, తెలిసిన ప్రశ్నకు జవాబు తెలియకపోవడమే కష్టం. జవాబు కోసమే ఇప్పుడీ స్టూలు మీద, అరచేతిలో పెన్నుతో, దవడలు బిగబట్టుకుని.

అసలు జవాబు రోజూ పొద్దున్నే ఫలహారాల దగ్గర ఎదురుగా కూర్చుని పేచీ పెట్టేది. మీ భూతద్దం నన్ను మింగేస్తోందమ్మాయ్ అనేవారు ఆయన. ఒక పిల్లవాడు చరణం మధ్యలో గట్టిగా ఊపిరి పీల్చాడనుకో, ఆ చప్పుడు తీసేద్దామని దగ్గరికి వెళ్తాను, వెళ్ళేసరికి ఊపిరి ఉండదు, పిల్లవాడు ఉండడు, ఎవరిదో గొంతు, ఎక్కడిదో పల్లవి. వెనక్కి వద్దామంటే నేను బయల్దేరిన చోటే కనబడదు. ఆమె మొదట సాఫ్ట్‌వేర్ పక్షాన వాదించింది, పుట్టింటివాళ్ళను ఎవరైనా ఏమైనా అంటే వాదించినట్టు. తరవాత ఒక ఆదివారం ఆయన పక్కన కూర్చుని చూస్తే తెలిసింది, తప్పంతా పుట్టింటిదే. దగ్గరికి తీసుకెళ్ళమంటే ఆ మీట మౌసు బాణం ఎక్కడుంటే అక్కడికి తీసుకుపోతోంది. ఆయన చూపేమో పాట మోగుతున్న చోట, ఆ నిలువు గీత దగ్గర. మౌసు బాణం ఎక్కడో మూల, ఆయన వదిలేసిన చోట. మనిషి మనసు ఒక దగ్గర, చెయ్యి ఒక దగ్గర, యంత్రం చేతి మాటే వింటుంది. ఆఫీసుకు వెళ్ళి చెప్తే పొడుగాయన అడిగాడు, దగ్గరికి అంటే ఎవరి దగ్గరికి? ఆ రోజు ఆ మాట మీద మీటింగు భోజనాల వేళ దాటిపోయింది. ఆమెకు మాత్రం నాన్న గుర్తొచ్చాడు. నాన్న పురపాలక సంఘంలో పటాలు గీసేవాడు, మంచమంత కాగితాలు ఇంటికి తెచ్చి నేల మీద పరిస్తే ఆమె వాటి మీద మోకాళ్ళ మీద పాకుతూ వీధులు వెతికేది. ఒక వీధిలో తలదూర్చాక మనిల్లు ఎక్కడో మరిచిపోయి బిక్కమొహం వేస్తే నాన్న చొక్కా గుండీ ఒకటి తీసి ఇంటి మీద పెట్టేవాడు. ఇక ఎంత దూరమైనా పోయిరా అనేవాడు. అమ్మ మాత్రం ఆ గుండీ మళ్ళీ కుట్టలేక తిట్టేది. ఎంత దూరమైనా పోయిరా అనే మాటలో పోవడం కన్నా రావడమే గట్టిదని అప్పుడు తెలియలేదు గాని, అందులోంచే ఈ కొత్త మీట పుట్టింది. ఒకసారి నొక్కితే పాటంతా తెర మీద ఇమిడిపోతుంది, మొదటి అక్షరం నుంచి చివరి ఊపిరి దాకా. రెండోసారి నొక్కితే అంతకుముందు ఎక్కడ తలదూర్చావో అక్కడికే, వెంట్రుక వాసి తేడా లేకుండా.

ఆయన ఇప్పుడదే నొక్కారు. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే, ఎడమ చేతి చూపుడువేలితో. పాటంతా తెర మీదికి వచ్చి నిలబడింది. ఆయన తల కాస్త వెనక్కి వాల్చి చూశారు, మేడ మీదికెక్కి ఊరిని చూసుకున్నట్టు, మళ్ళీ నొక్కారు, ఊపిరి పీల్చిన పిల్లవాడి దగ్గరికే వచ్చి ఆగారు. మళ్ళీ నొక్కారు, మళ్ళీ, మళ్ళీ, వెళ్ళడం రావడం, వెళ్ళడం రావడం, కొత్త గొడుగును తెరిచి మూసి తెరిచి మూసి చూసుకునే చిన్నపిల్లాడికి మల్లే. వెనక ఆమె పళ్ళికిలించి నవ్వుతోంది, చప్పుడు రాకుండా. నవ్వకూడదన్న నియమమేదీ లేదు గదా. పళ్ళ డాక్టరైన మొగుడు చూస్తే ఇదిగో ఆ పక్క పన్ను ఇంకా తోమడంలేదు నువ్వు అనేవాడు. అతనికి పాట అంటే చెవిలో దూరిన దోమ. తండ్రి సంగీతమంతా కొడుకు చెవిని తప్పించుకుని ఎటు పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. మామగారేమో, వాడికి పళ్ళు రాలే చప్పుడు తప్ప ఏదీ వినబడదమ్మా అంటారు, ఆ గరగరలాడే గొంతుతో. ఆ గొంతు. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చే ముందు ఏడాదే ఆయన గొంతుకు ఆపరేషనైంది. మాట్లాడుకోండి గాని పాడొద్దు అన్నాడట డాక్టరు. అందులో మొదటి సగాన్ని ఆయన తుచ తప్పకుండా పాటిస్తున్నారు. పిల్లలకు ఇప్పుడు ఈలవేసి నేర్పుతారు, చిటికెలతో, కనుబొమ్మలతో. బాగా పాడేవారట. అట అనే తెలుసు ఆమెకు. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరో ఆ మాట ఎత్తబోతే ఆయనే ఈలతో మాట మార్చేశారు.

ఎండ కిటికీ దాటి బల్ల మీదికి పాకింది. ఇంకాసేపటికి తెర మీద పడుతుంది, అప్పుడు రంగులన్నీ వెలిసిపోయినట్టు కనబడతాయి, లేచి తెర లాగొచ్చా, తెర లాగడం సాయం కిందికి వస్తుందా, ఏ తెర, కిటికీ తెరా కంప్యూటర్ తెరా, ఒకే మాట రెంటికీ ఎలా సరిపోయిందో, ఒకటి చూడనివ్వదు, ఒకటి చూపిస్తుంది. ఆయన ఈలోగా మూడు చూపులు దాచుకున్నారు. అది కూడా కొత్తదే: తెర ఎలా ఉంటే నచ్చిందో అలాగే గుర్తుపెట్టమని చెప్పి పేరు పెట్టుకోవచ్చు. ఆఫీసులో నమూనాగా ఒకటో చూపు, రెండో చూపు అని పెట్టి ఊరుకున్నారు. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు: మేడ. వరండా. గుమ్మం. మేడ మీద నుంచి పాటంతా. వరండాలోంచి ఒక వరస పిల్లలు. గుమ్మంలోంచి ఒక్క పిల్ల ఒక్క మాట. ఆమె అరచేతిలో ఆ మూడు మాటలూ రాసుకుంది. పెన్ను గిలిగింతలు పెట్టింది. గుమ్మంలో నిలబెట్టి ఆయన పిల్లల్ని ఒక్కొక్కర్నీ సవరిస్తున్నారు: పట్టీలో గొంతు హెచ్చుతగ్గులు గీసిన గీత చూడగానే పిల్ల ఎవరో చెప్పేస్తారు, ఇదిగో ఈ కొండలూ లోయలూ ఉన్నది ఆ బేకరీవాళ్ళ అమ్మాయి, ఒక మాట అరుస్తుంది ఒక మాట మింగుతుంది. ఇది కవలల్లో పెద్దవాడు, తమ్ముడి కన్నా రవ్వంత ముందు పరిగెడతాడు, కడుపులోనే అలవాటు. ఆమెకేమో అన్నీ గొంగళిపురుగుల్లా ఒకేలా కనబడతాయి. చూపించడం తన పని, చూడటం ఆయన పని, ఈ రెంటికీ మధ్య ఇంత దూరమా.

జరగవలసింది అప్పుడు జరిగింది. పట్టీలు మరీ సన్నగా ఉన్నాయి, అన్నిటినీ కాస్త లావు చేసుకుందామని ఆయన పిల్లల్నీ వాళ్ళ కింది వాద్యాలనూ కలిపి ఒకేసారి ఎంచుకున్నారు. సరిగ్గానే ఎంచుకున్నారు. లావు చేసే మీట వైపు మౌసును నడిపించారు. అది కూడా సరైన దిక్కే. ఆ మీట పక్కన, వేలెడు దూరం కూడా లేకుండా, కన్ను బొమ్మ ఉన్న బొత్తాం. ఎంచుకున్నవాటిని దాచే బొత్తాం. ఈ రెండూ మరీ దగ్గరగా ఉన్నాయి భూతద్దం, అని పొడుగాయన అన్నాడు ఒకసారి, తలుపు దగ్గర ఆగి, వెళ్ళిపోతూ. ఉండనీయండి అందంగా ఉన్నాయి అంది ఈమె. అందం. సుద్దముక్క పట్టిన మూడు వేళ్ళు రవ్వంత పక్కకు జారాయి, టిక్కుమంది, రిబ్బన్లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. తెర బూడిదరంగు పలకలా మిగిలింది. ఒక్క గీత లేదు. ఒక్క మాట లేదు.

ఆయన అరవలేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. పలక అలాగే ఉంది. "పిల్లలేరి?" అన్నారు, ఆమెతో కాదు, తెరతో. ఆమె నాలుక పళ్ళ వెనక గుర్రంలా గింజుకుంది. ఎక్కడికీ పోలేదు మావయ్యా, దాక్కున్నారు, ఆ కన్ను బొమ్మ కిందే చూపించు అని ఉంటుంది, నొక్కితే చాలు. చెప్తే వీధి తలుపు. చెప్పకపోతే పాట. పాట కన్నా పంతం ఎక్కువా? ఆయన వేళ్ళు మౌసు మీద నుంచి లేచిపోయాయి, వేడి గిన్నె తగిలినట్టు. ఇన్నాళ్ళూ ఎంతోమందిని పరీక్షకు కూర్చోబెట్టి చూసింది గాని, ఇలా మెడ వెనక చిన్న నరం ఎగిరి ఎగిరి పడటం ఎప్పుడూ చూడలేదు. చూడలేదా, చూసే చోట కూర్చోలేదా? ఒక్కో పిల్లనూ ఈ గదికే పిలిపించి, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టి, ఈలవేసి, చాక్లెట్ ఇచ్చి, తప్పు పాడితే తప్పు పాడినట్టు తెలియనివ్వకుండా మళ్ళీ పాడించి, వానాకాలమంతా చేసిన పని. అది ఒక్క టిక్కుతో పోయిందనుకుంటే ఆ మనిషి లోపల ఇప్పుడేమవుతూ ఉంటుంది. ఈ మార్పు లేకపోతే ఎవరికి ఏం పోతుంది? ఇదిగో, ఈ మార్పు ఉన్నందుకే పోయినట్టుంది. ఆమె స్టూలు మీద నుంచి ఒక కాలు కిందికి దింపింది. ఇక చెప్పేద్దాం, పంతానిదేముంది, నోరు తెరిచింది.

ఆయన వేలు చాపి స్పేస్‌బార్ నొక్కారు. ఎందుకు నొక్కారో, అలవాటో, మొండితనమో. ఖాళీ పలక లోంచి పాట మొదలైంది. నలభై గొంతులూ, ఒక్కటీ తగ్గకుండా, బేకరీవాళ్ళమ్మాయి అరుపూ, కవలల పరుగూ, అందరూ. ఆయన కళ్ళు మూసుకుని పల్లవి అయ్యేదాకా విన్నారు, వేళ్ళతో లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిపారు, తరవాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకుంది ఆమె. నవ్వుతున్నారు. "ఉన్నార్రా అందరూ ఇక్కడే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని." ఆమె కాలు మళ్ళీ స్టూలు మీదికి లాక్కుంది. అరచేతిలో ఇక చోటు లేదు, మణికట్టు మీద రాసుకుంది: దాచినవి ఉన్నాయని తెర చెప్పాలి. ఎన్ని దాచామో కూడా చెప్పాలి. పిల్లలు దాగుడుమూతల్లో కూడా కుయ్యిమంటారు గదా, దొరకడానికి. సిగ్గుగా కూడా అనిపించింది, సంతోషంగా కూడా. పొడుగాయన ప్రశ్నకు జవాబు దొరికిన సంతోషం, ఆ జవాబు తనకే చురక అయిన సిగ్గు.

ఆయన ఇప్పుడు నింపాదిగా ఉన్నారు. పిల్లలు ఉన్నారని తెలిశాక వెతకడం ఆటైపోయింది. తెర పైభాగం నుంచి మొదలుపెట్టి ఒక్కో బొమ్మ మీదా బాణం ఆపి, అదేం చెప్తుందో చదువుకుంటూ వచ్చారు. కన్ను బొమ్మ దగ్గర ఆగారు. కింద చిన్న అక్షరాలతో రెండు మాటలున్నాయి: ఎంచుకున్నవి దాచు, దాచినవన్నీ చూపించు. దీనిదా ఈ పని అన్నట్టు తలాడించి రెండోది నొక్కారు. బిలబిలమంటూ వచ్చేశారు పిల్లలు, రిబ్బన్లన్నీ ఎవరి చోట వాళ్ళు, వాళ్ళ కింద పియానో, దాని కింద అడుగున వెచ్చదనం కోసం కలిపిన సెల్లో, వయొలిన్‌కు పెద్దన్నలాంటి ఆ వాద్యం. వాటన్నిటికీ కింద ఇంకొకటి. ఇందాకటి దాకా లేనిది. కావిరంగు పట్టీ, పాట పొడుగునా సాగి, మిగతావాటికన్నా సన్నగా. పట్టీ మీద పేరు: నేను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆమె కూడా ముందుకు వంగింది, స్టూలు కిర్రుమంది, ఆయనకు వినబడలేదు. తానేమైనా తప్పు చేసిందా, ఎవరి ట్రాకో వచ్చి ఇందులో పడిందా, అలా జరగడానికి వీల్లేదే. ఆయన ఆ పట్టీ ఒక్కటే మోగేలా నొక్కి, స్పీకర్ల ధ్వని పెంచారు. గదిలోకి ఒక గొంతు వచ్చింది. మగ గొంతు, నిండుగా, తొందర లేకుండా, మెట్లు దిగుతున్న మనిషి ఒక్కో మెట్టు మీదా పాదం పూర్తిగా ఆనించినట్టు ఒక్కో స్వరం మీదా ఆని, మాటలు కొన్ని పాడి కొన్ని ఊ అని వదిలేసి. అదే పాట. ఎవరిదో ఆమెకు అర్థమవడానికి క్షణం పట్టింది, అర్థమయ్యాక చూపు ఆయన మెడ వెనక్కి పోయింది, కాలరు పైన చిన్న తెల్ల గీతలా కనబడే కుట్టు మచ్చ చివర. ఈ ఇంట్లో నాలుగేళ్ళుగా ఉంది, ఆయన దగ్గు తెలుసు, ఈల తెలుసు, నిద్రలో గురక కూడా గోడ అవతలి నుంచి తెలుసు, ఈ మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది. పాట అయిపోయింది. పక్కింట్లో ఎవరో మేకు కొడుతున్నారు, అదొక్కటే చప్పుడు.

ఆయనే మొదట మాట్లాడారు, తెర వైపే చూస్తూ. ఆపరేషన్‌కు ముందు రోజుల్లో ఈ పాట కట్టారట. పిల్లలకు వరస తెలియడానికని తనే ఒకసారి పాడి పెట్టుకున్నారట. తరవాత గొంతు పోయింది, ఆ పట్టీ కనబడినప్పుడల్లా మనసు చివుక్కుమనేది, తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. ధ్వని బాగా తగ్గించి, మెనూలో మెనూ వెతికి, కనబడకుండా దాచేశారట. స్టేషన్‌వాళ్ళు అడిగినప్పుడు మళ్ళీ ఇదే పాట తీశారు, దీని సంగతి మరిచిపోయారు. "దాస్తే ఇక మోగదనుకున్నానమ్మాయ్. కనబడకపోతే లేనట్టే అనుకున్నా."

ఆమె స్టూలును ఒకడుగు ముందుకు జరుపుకుంది.

ఆయన ఒక్కసారిగా కుర్చీ తిప్పి ఆమె వైపు చూశారు. కళ్ళు పెద్దవయ్యాయి. ముందు పళ్ళు ఊడిన చిన్న పిల్ల ఒకతి ఉంది, పాడటానికి వచ్చిన మొదటి రోజే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చెప్పిందట, తాతగారూ, ఇందులో ఇంకో తాతగారు కూడా మెల్లగా పాడుతున్నారు అని. అది సెల్లో తల్లీ అని సర్దిచెప్పారట ఈయన. ఆ తరవాత ఇంకో ఇద్దరు అడిగారట. వాళ్ళకూ సెల్లోయే. చెవులు పదునుగా ఉన్నాయని విర్రవీగేవాణ్ణి, అడుగున ఉన్న ఆ వెచ్చదనమంతా సెల్లోదే అనుకుని మురిసిపోయాను అంటూ నుదురు కొట్టుకున్నారు. ఇంతమంది పిల్లలు ఇంత శ్రుతిగా ఎలా పాడారా అని, నా ఈల గొప్పదేమోనని కూడా అనుకున్నాను. "నా ఈలను ఎవడూ పట్టించుకోలేదమ్మాయ్. వాళ్ళంతా వాడి వెనకాల పాడారు." వాడు అన్నప్పుడు వేలు కావిరంగు పట్టీ వైపు చూపించారు, ఎవరో పాత స్నేహితుణ్ణి చూపించినట్టు.

తరవాత ఆ పట్టీ నోరు నొక్కి పాట పెట్టారు. పిల్లలు బాగానే పాడారు, ఎవరూ దారి తప్పలేదు, కానీ పాట అడుగు తీసిన తొట్టిలా అయింది, నీళ్ళన్నీ ఎటో జారిపోతున్నట్టు. మళ్ళీ తెరిచి పెట్టారు. తొట్టి నిండింది. మూసి, తెరిచి, మూసి. ఫోను మోగింది, మైకుల మనిషి. పది నిమిషాలు అని చెప్పి పెట్టేశారు. పిల్లల పాట అని మాటిచ్చాను వాళ్ళకి, అందులో ముసలాడి గొంతేమిటి, వినేవాళ్ళు ఏమనుకుంటారు, అని ఆయన తనతో తనే వాదించుకుంటుంటే ఆమెకు వీధి తలుపు గుర్తొచ్చింది, గుర్తొచ్చినా లెక్క చెయ్యలేదు.

"పిల్లలకి వినబడిందిగా మావయ్యా. వాళ్ళు తీసెయ్యమనలేదుగా" అంది.

ఆయన ఆమెను చాలాసేపు చూశారు. పరీక్షలో నోరు విప్పిన మేష్టారిని ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నట్టు. తరవాత కుర్చీ తెర వైపు తిప్పి, కావిరంగు పట్టీ ధ్వనిని తగ్గించలేదు, గోరంత పెంచారు. అడుగు నుంచి దాన్ని పట్టుకుని పైకి లాగి, బేకరీవాళ్ళమ్మాయికీ కవలలకూ మధ్య వదిలారు. మేడ మీది నుంచి ఒకసారి చూసుకున్నారు. పంపించేశారు. అంతే, ఒక నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకింది, పాట స్టేషన్‌కు వెళ్ళిపోయింది.

ఆమె వరండాలోకి వెళ్ళి పొడుగాయనకు ఫోను చేసింది. ఆ రెండు బొత్తాలు దూరంగా జరపాలనీ, దాచినవి ఎన్నో తెర మీద ఎప్పుడూ కనబడాలనీ, దాచింది కూడా మోగుతూ ఉంటే అక్కడొక గుర్తు వెలగాలనీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది, మణికట్టు చూసుకుంటూ. అంటే విడుదల వారం వెనక్కి పోతుంది అన్నాడాయన. పోనివ్వండి అంది. ఇది లేకపోతే ఎవరికి ఏం పోతుందో చెప్పు మరి అన్నాడు, అలవాటు కొద్దీ. ఆమె నవ్వింది. రేపు పొద్దున మొదటి బండి వేళకు కొత్త స్టేషన్‌కు రండి, నేను చెప్పను, మీరే వినండి అంది. సరేలే, జరుపు, బొత్తాలు జరపమని నేనెప్పుడో చెప్పాను, అన్నాడు.

లోపలికి వచ్చేసరికి ఆయన పాట మళ్ళీ పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. కంప్యూటర్ తెర ఆర్పేశారు, చూడటానికేం లేదన్నట్టు. కిటికీ ఎండ ఆయన మోకాళ్ళ మీద పడింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేకుండా, బల్ల మీది స్పీకర్లలోంచి వస్తున్న తన గొంతుతో అక్షరం అక్షరం కలుస్తూ. ఆమె తలుపు దగ్గరే ఆగింది. ఇంత పొద్దు నోరు కట్టుకున్నందుకో, ఫోనులో గెలిచినందుకో, రేపు ఆ ప్లాట్‌ఫారం మీద సంచులతో పరిగెత్తే జనమంతా ఒక్క అడుగు నెమ్మదిస్తారేమో అన్న ఊహకో, ఆమెకు తెలియకుండానే రెండో చరణం దగ్గర ఊ అంటూ అందుకుంది. బడిలో వరసగా నిలబెట్టినప్పుడు, నువ్వు పెదవులు మాత్రం ఆడించమ్మా అని టీచరు చెప్పిన పిల్ల ఆమె. అప్పటి నుంచి ఎవరి ఎదుటా పాడింది లేదు, స్నానాల గదిలో కూడా కుళాయి తిప్పి మరీ పాడుతుంది. తను పాడుతున్నానన్న సంగతి ఆమెకు పాట ఆగినప్పుడు గాని తెలియలేదు. ఆయన చెయ్యి స్పేస్‌బార్ మీద ఉంది. కుర్చీ ఇటు తిరిగింది. ఆమె చెవులు వేడెక్కాయి.

"శ్రుతి కొంచెం కిందికి జారింది," అన్నారు ఆయన, చిటికె వేసి, కనుబొమ్మలతో పాట మొదలు ఎక్కడో చూపిస్తూ. "ఇలా రా, నిలబడి పాడు. వాణ్ణి పట్టుకో. మళ్ళీ."